దింపుడు బండ

టిక్.

కాస్త నిశ్శబ్దం. మళ్ళీ టిక్, టిక్. కాగుతున్న నూనెలో మొదటి ఆవగింజ పేలినట్టు. పేలి, భయపడి, ఆగినట్టు. ఆగి, మళ్ళీ పేలినట్టు.

హైమవతి కళ్ళు మూసుకుని వింటున్నది. చెవుల మీది హెడ్‌ఫోన్లను రెండు అరచేతులతో అదిమి పట్టి వింటున్నది. కళ్ళు తెరిస్తే ఎదురుగా వ్యవసాయ కళాశాల ప్రయోగశాల, కిటికీలోంచి బల్ల మీదికి పాకుతున్న పొద్దు, గాజు పళ్ళెంలో నిన్నటి టమోటా. ఆమె తెరవలేదు. చూపు కలిస్తే వినికిడి పలచబడుతుందని ఆమె నమ్మకం.

టమోటా చప్పుడు ఆమెకు కొత్త కాదు. కోసిన పండులో నీరు సన్నని దారాలుగా నిలబడి ఉంటుంది. పండు వడలేకొద్దీ ఆ దారాలు ఒక్కటొక్కటే తెగుతాయి. తెగిన ప్రతిసారీ మనిషి చెవికి అందని ఒక చిన్న చిటుకు. ఆమె కట్టిన యంత్రం ఆ చిటుకులను పట్టుకుని, నిదానం చేసి, ఈ క్రేటు ఇంకెన్ని గంటలు నిలుస్తుందో అంకె వేసి చూపిస్తుంది. చిటుకులు దగ్గరయ్యేకొద్దీ గంటలు తగ్గుతాయి.

కాని టమోటా చిటుకులకు తాళం ఉండదు. రేకుల కప్పు మీద తొలకరి చినుకుల్లా, ఎక్కడ పడాలనిపిస్తే అక్కడ పడతాయి. ఇప్పుడు వింటున్న దానికి తాళం ఉంది. ఒకటి, ఎడం, రెండు. ఒకటి, ఎడం, రెండు.

మూడు వారాల రికార్డులను ఆమె వరసగా విన్నది. ఈ తాళం వినిపించిన క్రేట్లన్నీ ఒకే హమాలీ మోసినవి. బిళ్ళ నెంబరు ముప్పై ఏడు.

ముప్పై ఏడు ఆమె తండ్రి.

వినవలసిన రికార్డు ఇంకొక్కటే మిగిలింది. ఈ ఉదయం యార్డు మొదలుకాకముందు ఆమె ఆయన చేత ఒక ఖాళీ క్రేటు మోయించింది. ఒక్క పండు కూడా లేని క్రేటు. మీట మీద వేలు పెట్టింది. పెట్టి, నొక్కలేక, అట్లాగే కూర్చుండిపోయింది.

*

రెండేళ్ళ కిందటి వేసవిలో ఎర్రకనుమ కొండదారి పొడవునా టమోటాలు పారబోశారు. చేనులో కోసింది ఒక పొద్దు, మార్కెట్ యార్డులో ఎండింది ఒక పొద్దు, దూరపు నగరానికి లారీలో పోయింది రెండు పొద్దులు; అక్కడ తలుపు తీస్తే రసం కారింది. ఆ కబురు విని, యార్డులో మిగిలినవాటిని ట్రాక్టర్లకెత్తి దారి పక్కన గుమ్మరించారు. గుమ్మరించిన చోటికి కూతవేటు దూరంలో ఆడపిల్లల హాస్టలు. అక్కడ ఆ వారమంతా నీళ్ళచారే.

యార్డులో ఇరవై ఏళ్ళుగా పండ్లు ఏరే రెడ్డెమ్మకు ఈ సంగతి తెలిసింది. తెలిసిన రోజునే ఆమె, తనతోపాటు ఏరే నలభైమంది ఆడవాళ్ళను వెంటబెట్టుకుపోయి, ట్రాక్టరుకు అడ్డంగా కూర్చుంది. రెడ్డెమ్మ హైమవతి తల్లి.

"రోడ్డు తింటాదా సామీ టమోటా?" అని డ్రైవరును నిలదీసింది. "నోరుండేది బిడ్డలకు గదా! తీసకపోయి ఆడ పొయ్యి!"

అట్లా పుట్టింది పారబోత వద్దు సంఘం. సంఘం కోరిక చిన్నది: గంటలు తక్కువ ఉన్న పండు దగ్గరి వంటశాలకు పోవాలి, ఎక్కువ ఉన్న పండు దూరపు నగరానికి పోవాలి, ఏదీ దారి పక్కకు పోకూడదు. పై వరసను బొటనవేలితో ఒత్తి చూస్తే తెలుస్తుంది. అడుగు వరస ఆయుస్సును ఏ వేలు చెప్పగలదు? కూతురు చదివిన చదువు అదే గనుక, రెడ్డెమ్మ కూతురిని అడిగింది.

యంత్రం తయారయ్యాక తల్లీకూతుళ్ళకు తగువు ఒక్కచోటనే వచ్చింది.

"క్రేటును ఈ బల్ల మీద ఒక్క నిమిషం దించితే చాలమ్మా. అది వింటుంది."

"దించల్లా? చేన్లో దించుతారు, ట్రాక్టర్లో దించుతారు, మండీలో దించుతారు. దించిన ప్రతిసారీ అడుగు వరస నలుగుతాది. మళ్ళా నీ బల్ల మీద గూడా దించల్లా? నీ మిషను జాతకం చెప్పేలోపల మనమే చంపేస్తాం గదమ్మే!"

"మరి ఎట్లా వినాలి?"

"మోస్తా ఉండంగానే వినల్ల."

అందుకని గుమ్మం కట్టారు. రెండు ఇనుప స్తంభాలు, వాటి నడుమ నేలమీద పది అడుగుల పొడవున ఒక రేకు పలక. హమాలీ తలమీది క్రేట్లతో పలక తొక్కి నడిచిపోతే చాలు. యంత్రం వినేది, పైన అంకె పడేది, దీపం వెలిగేది. పచ్చ వెలిగితే దూరపు లారీకి, పసుపు వెలిగితే హాస్టలు బండికి, ఎరుపు వెలిగితే ఎరువు గుంతకు. యార్డు దానికి చెవిగుమ్మం అని పేరు పెట్టుకుంది.

గుమ్మం నిలిపిన చోటు అంతకుముందు ఖాళీగా ఉన్న చోటు కాదు. వేలంపాటలు జరిగే మండీల నుంచి లారీల షెడ్డుకు రెండు వందల అడుగుల నడకదారి. సరిగ్గా దాని సగంలో, రొమ్మెత్తున, ఒక నల్లరాతి పలక ఉండేది. దింపుడు బండ. హమాలీలు తలమీది బరువును వంగకుండా దాని మీదికి జార్చి, నాలుగు గుక్కల గాలి పీల్చి, మళ్ళీ ఎత్తుకునేవాళ్ళు. ఏరే ఆడవాళ్ళు ఒక నెల పాటు కనిపెట్టి చూసి తేల్చారు: అన్నిచోట్ల కన్నా ఎక్కువ పండ్లు నలిగేది ఆ బండ మీదనే.

బండను పెకలించడం సంఘానికి మొదటి గెలుపు. హమాలీలు గొణిగారు. ముప్పై ఏడు గొణగలేదు. భార్య మాట నిలవాలని మొదటి గునపం పోటు తనే వేశాడు.

"టమోటాకు నొప్పంట అబ్బా," అన్నాడు నవ్వుతూ. "మనం పచ్చికాయలం లే, నలగం."

నెంబర్ల సంగతీ అప్పటిదే. గుమ్మం దాటే వంతు ఎవరిదో మైకులో పిలవాలి. పిలిచే పని రెడ్డెమ్మకు వచ్చింది. పేర్లతో పిలుద్దామన్నాడు హమాలీల మేస్త్రి బీరప్ప. రెడ్డెమ్మ ఒప్పుకోలేదు. మెడలో బిళ్ళ ఉంది, బిళ్ళ మీద నెంబరుంది, నెంబరే పిలుస్తానన్నది.

"ఎందుకో నాకు తెల్సులే అక్కా," అని బీరప్ప పళ్ళికిలించాడు. "అందర్నీ పేరు పెట్టి పిలుస్తావు. ఒకాయన కాడికొచ్చేసరికి నీ నోరు పడిపోతాది."

యార్డంతా నవ్వింది. రెడ్డెమ్మ కూడా కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ముప్పై రెండేళ్ళ కాపురంలో ఆమె మొగుడి పేరు పలికి ఎరగదు. పలికితే మొగుడి ఆయుస్సు తరుగుతుందని ఆమెకు తల్లి చెప్పింది, తల్లికి ఆమె తల్లి చెప్పింది. రేషను షాపులో అడిగితే కూతురిని ముందుకు తోసేది: "చెప్పమ్మే, మీ నాయన పేరు." కూతురు లేని రోజున కార్డు ఎత్తి చూపించేది.

నెంబరు ఆమెకు సుఖంగా కుదిరింది. ఆ పూట నుంచి మైకులో 'ముప్పై ఏడు' వినిపిస్తే అర్థం ఒక్కటే: నీ వంతు వచ్చింది, కదులు.

*

గుమ్మం పని చేసింది. ఎరువు గుంత సగం ఎండిపోయింది. పప్పులో టమోటా ఎక్కువై పప్పు కనిపించడం లేదని హాస్టలు పిల్లలు సంఘానికి ఉత్తరం రాశారు. రెడ్డెమ్మ దాన్ని పదిమంది చేత పదిసార్లు చదివించుకుంది. పొరుగు యార్డుల వాళ్ళు చూసిపోవడానికి వచ్చారు.

మూడు వారాల కిందట ముప్పై ఏడు మోసిన క్రేటుకు ఎర్రదీపం వెలిగింది. మర్నాడు రెండు క్రేట్లకు. అటు మర్నాడు ఐదు క్రేట్లకు. అదే చేను, అదే కోత. పక్కవాడి తలమీద పచ్చ, ఇతని తలమీద ఎరుపు. ఎరుపు వెలిగిన క్రేటును తెరిచి చూసే అలవాటు యార్డుకు పోయింది. గుమ్మమే చెప్పాక మనిషి చూసేదేముంది? క్రేట్లు గుంతలోకి పోయాయి. ఎండిన గుంత మళ్ళీ తడిసింది.

నిన్న సాయంత్రం కంచాల ముందు ఆ మాటే వచ్చింది.

"ఎట్ల మోస్తా ఉండావయ్యా నువ్వు?" రెడ్డెమ్మ సంగటి ముద్ద వడ్డిస్తూ అడిగింది. "యాడన్నా గోడకు ఆనిస్తా ఉండావా?"

"గోడ యాడుండాది? ఉండే బండ పీకేస్తిరి."

"ఎగతాళి వద్దు. నిదానంగా నడుస్తా ఉండావు, నేను చూస్తానే ఉండా. ఎండకు కాయ ఉడికిపోతాది. బిన్నా నడువు. మూడు దినాలు వరసగా ఎరుపొస్తే వారం పక్కన కూర్చోబెట్టల్లని మొన్న సంఘంలో రూలు పెట్టింది నేనే. రూలు పెట్టినాక రేపటితో మూడు. నా మొగుడికొక రూలు, ఊరోళ్ళకొక రూలా?"

ఆయన ముద్దను పులుసులో అద్దాడు గాని నోటిదాకా తీసుకుపోలేదు. గోడకు ఆనుకుని కూర్చున్నాడు. ఎన్నడూ గోడకు ఆనుకుని తిన్న మనిషి కాదు. అది హైమవతి చూసింది. చూసి కూడా, తన గుమ్మం గురించే ఆలోచించింది.

"వంట్లో బాగుందా నాయనా?"

"నాకేం రోగం అమ్మే. ముసిలి ఎద్దుకు రొంత ఆయాసం, అంతే." అని భార్య వైపు తిరిగాడు. "కూర్చోబెట్టేటప్పుడన్నా మైకులో పేరు పెట్టి పిలుస్తావా? అప్పుడు గూడా ముప్పై ఏడేనా?"

"గమ్మున తినవయ్యా."

"పిలవదులే మీ యమ్మ. ఇంక దింపుడు కళ్ళం కాడ పిలుస్తాదేమో."

పాడెను నడిదారిలో దించి, పోయిన మనిషి చెవిలో మూడుసార్లు పేరు పిలిచే చోటు అది. రెడ్డెమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది.

"థూ! నీ నోట్లో మన్ను పడ! దీపాలు పెట్టే యాళ ఏం మాటలవి?"

ఆయన నవ్వాడు. ఆ నవ్వు మధ్యలో ఒకసారి గాలి కోసం ఆగింది.

"గుమ్మంలోనే ఏదన్నా తప్పుందేమో నాయనా," అన్నది హైమవతి. "పొద్దున్నే ఖాళీ క్రేటుతో ఒక్కసారి నడువు. నేను విని చూస్తా."

*

ఇప్పుడు ఆమె మీట నొక్కింది.

ఒకటి, ఎడం, రెండు. ఒకటి, ఎడం, రెండు.

పండు లేని క్రేటు. తెగడానికి నీటిదారం లేని క్రేటు. తెర మీద అంకె: తొమ్మిది గంటలు.

హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టింది. చప్పుడు ఆగలేదు, ఈసారి అది తన రొమ్ములోదని కొంతసేపటికి తెలిసింది.

గుమ్మానికి మనిషి చప్పుళ్ళను వదిలిపెట్టడం నేర్పింది తనే. అడుగుల చప్పుడు, ఊపిరి చప్పుడు, గుండె చప్పుడు. నేర్పింది ఈ గదిలోనే. కళాశాల విద్యార్థులు ఇరవై మంది, తలమీద క్రేట్లతో, ఒకరినొకరు వెక్కిరించుకుంటూ, పలక మీద నడిచారు. వాళ్ళలో అందరికన్నా పెద్దవాడికి ఇరవై రెండేళ్ళు. గుమ్మానికి తెలిసిన మనిషి గుండెలు ఆ ఇరవై మాత్రమే. వాటిలా కొట్టుకున్నంతవరకు, ఇది మనిషిదని పక్కన పెడుతుంది. వాటిలా కొట్టుకోని గుండెను పండు అనుకుంటుంది. వడలుతున్న పండు.

పాత రికార్డులు తెరిచింది. బండ పెకలించకముందు, యార్డులో వారం రోజుల పాటు గుమ్మాన్ని పరీక్షకు నిలిపిన నాటివి. తండ్రి నడక: బరువైన అడుగులు, పొడుగాటి ఊపిరి, అంతే. బండ పోయిన నెలకు ఒక రికార్డు: ఎక్కడో లోతున, ఒక్క చిటుకు. మూడు నెలలకు: రెండు. ఆదివారాలు యార్డుకు సెలవు. ప్రతి సోమవారం పొద్దున ఆయన అంకె కొంత పెరిగింది, పొద్దుగూకేసరికి పడిపోయింది.

పండుకు గంటలు తగ్గడమే గాని పెరగడం ఉండదు. దించుకుంటే, కూర్చుంటే, గాలి పీల్చుకుంటే పెరిగేది మనిషికే. నెలల తరబడి ఆ అంకెలు ఆమె కళ్ళ ముందే ఉన్నాయి.

ఆ తొమ్మిది గంటలు మనిషికి వర్తిస్తాయా? ఆమెకు తెలియదు. వర్తించవని ధైర్యం చెప్పే చదువు కూడా ఆమె దగ్గర లేదు. అది పొద్దున ఖాళీ క్రేటు మోసినప్పటి అంకె. యార్డు మొదలై అప్పటికే చాలాసేపయింది. ఫోనులో గుమ్మం తెర తెరిచింది. ముప్పై ఏడు, రెండు క్రేట్లు, ఎరుపు, ఏడు గంటలు. మళ్ళీ ముప్పై ఏడు, రెండు క్రేట్లు, ఎరుపు, ఆరు.

తల్లికి ఫోను చేసింది. మోగి మోగి ఆగింది. మైకు ముందున్నప్పుడు రెడ్డెమ్మ ఫోను ముట్టదు. తండ్రి ఫోను, ఆయన చొక్కాతోపాటు మండీ గోడకు కొట్టిన మేకు మీద ఉంటుంది. బీరప్ప ఎవరితోనో మాట్లాడుతూ ఉన్నాడు.

స్కూటరు తీసింది. కళాశాల నుంచి యార్డుకు ఆరు కిలోమీటర్ల కొండదారి. ముందు ఒక టమోటా లారీ, దాని ముందు ఇంకొకటి. ఎక్కడం కన్నా నిలవడం ఎక్కువగా, మూలుగుతూ కదులుతున్నాయి. వెనక తలుపుల సందుల్లోంచి పచ్చివాసన. రెండేళ్ళ కిందట ఎర్రగా పారిన దారి ఇప్పుడు శుభ్రంగా, నల్లగా మెరుస్తున్నది. ఆ శుభ్రాన్ని చూసి నిన్నటిదాకా ఆమె గర్వపడేది. ఇవాళ ఆ నలుపు ఆమెకు పెకలించిన బండలాగానే కనిపించింది.

మలుపు దగ్గర ఫోను చూసింది. ముప్పై ఏడు. ఐదు.

*

యార్డు వేలంపాటల హోరులో మునిగి ఉంది. హైమవతి షెడ్డు పక్కనున్న ఇనుప మెట్లెక్కి, తల్లి కూర్చునే మంచె మీదికి వచ్చిపడింది.

"అమ్మా! నాయన్ను ఆపు!"

"ఎందుకమ్మే? ఎరుపులే వస్తా ఉండాయి. ఈ మోత కానీ, నేనే ఆపుతా."

"ఎరుపు పండ్లది కాదమ్మా! ఖాళీ క్రేటులో కూడా అదే చప్పుడు. నేను విన్నా. అది నాయన గుండె. బండ తీసినప్పటి నుంచి... దించకుండా మోసి మోసి... నేను తప్పు నేర్పించినానమ్మా దానికి."

రెడ్డెమ్మ కూతురి ముఖంలోకి చూసింది. ఏరే మనిషి చూపు అది. పై వరస చూసి అడుగు వరసను కనిపెట్టే చూపు. ఇంకొక ప్రశ్న అడగలేదు. దారి వైపు తిరిగింది.

ముప్పై ఏడు అప్పటికే దారిలో ఉన్నాడు. తలమీద రెండు క్రేట్లు, చూపు నేలమీద. అటూ ఇటూ కట్టిన ఇనుప కమ్ముల నడుమ, ఒంటరిగా, గుమ్మం వైపు వస్తున్నాడు. మంచెకూ దారికీ మధ్య ఒక లారీ వెనక్కి నడుస్తున్నది.

ఆయన పాదం పలక మీద పడింది. పైన ఎర్రటి అంకె: నాలుగు.

"ముప్పై ఏడూ! ఆగు!"

నెంబరు ఆయనకు వినిపించింది. ఆగు వినిపించలేదు. ఆ యార్డులో పొద్దంతా ఎవరో ఒకరు ఆగు అంటూనే ఉంటారు, లారీతో, వేలం పాటగాడితో, ట్రాక్టరుతో; ఆ మాట ఎవరిదీ కాదు. నెంబరు మాత్రం ఆయనది. నెంబరంటే కదులు. నిన్న సాయంత్రం బిన్నా నడవమన్న భార్య గొంతు. ఆయన అడుగు పెంచాడు.

అంకె మూడు.

"ముప్పై ఏడూ! దించయ్యా, ఆణ్ణే దించు!"

ఇంకొక అడుగు, ఇంకాస్త వేగంగా. మెడనరాలు తాళ్ళలా బిగిశాయి. హైమవతి మెట్లు దిగి పరుగెత్తింది, లారీ దారి ఇవ్వలేదు, చేతులు ఊపింది, తలమీద బరువున్న మనిషి తన పాదాలను తప్ప ఇంకేదీ చూడడు.

మంచె మీద రెడ్డెమ్మ పెదవులు కదిలాయి. మైకు ఉంది, గొంతు ఉంది, మాట రాలేదు. పలికితే ఆయుస్సు తరుగుతుంది. తల్లి చెప్పింది. తల్లికి తల్లి చెప్పింది. ముప్పై రెండేళ్ళు ఆ పేరును నాలుక కింద దాచి, ఆ మనిషిని కాపాడుకున్నాననుకుంది. కళ్ళ ముందు ఆయుస్సు తరుగుతూనే ఉంది, ఎర్రగా, అందరికీ కనిపించేలా, అడుగుకొక అంకెగా.

రెండు.

ఆ తరువాత యార్డు చాలా చూసింది. లేచిన పాదం పలక మీద దిగకుండా నిలిచిపోవడం చూసింది. రెండు చేతులు పైకి పోయి, క్రేట్లను నిదానంగా, అడుగు వరస నలగకుండా, ఒకప్పుడు బండ ఉన్న చోటనే నేలకు దించడం చూసింది. ఆ మనిషి వాటి పక్కన కూలబడి, రొమ్ము పట్టుకుని, వినకూడనిది విన్నవాడిలా మంచె వైపు నోరు తెరవడం చూసింది. బీరప్ప అంబులెన్సుకు ఫోను చేయడం, కూతురు కమ్ముల కింద నుంచి దూరి తండ్రి తలను ఒడిలోకి తీసుకోవడం, ఏరే ఆడవాళ్ళు ఎర్రదీపపు క్రేటు తెరిచి ఒక్కొక్క పండును ఒత్తి, అన్నీ గట్టిగా ఉన్నాయని ఒకరి ముఖం ఒకరు చూసుకోవడం, షెడ్డు వెనక పడి ఉన్న నల్లబండ వైపు నలుగురు హమాలీలు ఎవరూ చెప్పకుండానే నడవడం, అన్నీ చూసింది.

చూడకముందు విన్నది. వేలంపాటలను ఆపి, లారీని ఆపి, పలక మీద ఒక పాదాన్ని ఆపి, మైకు కూడా అక్కరలేని గొంతుతో ఆమె పిలిచింది.

"దించు... చెంగల్రాయుడూ!"